కన్నతల్లిని చంపకమ్మా

అమ్మాయీ,

కౌమారంలో ఉన్నవాళ్ళ కోసం నువ్వు రాసి పంపిన నవల చదవడం పూర్తిచేసి మూడు రోజులైంది. వెంటనే జవాబు రాస్తే తిట్టినట్టు ఉంటుందని ఆగాను. మూడు రోజులు గడిచినా కోపం చల్లారలేదు, ఇక ఆగి లాభం లేదని కూర్చున్నాను. ఉత్తరం నిండా నన్ను 'మేడమ్' అన్నావు. ఆ మాట చదివితే నాకు బడి గంట వినిపిస్తుంది, ఇంకేదైనా పిలుపు చూసుకో. నేను మాత్రం నిన్ను 'నువ్వు' అనే అంటాను. ఈ వయసులో ఆ చనువైనా మిగలకపోతే ఎలా?

సూటిగా అడుగుతున్నాను. ఆవిణ్ణి ఎందుకు చంపావు?

పదహారేళ్ళ పిల్ల, దత్తత వచ్చిన పిల్ల, కన్నతల్లిని వెతుక్కుంటూ 110 పేజీలు తిరిగింది. నేనూ దాని వెనకే తిరిగాను. తీరా వెళ్ళేసరికి ఆవిడ ఆసుపత్రి మంచం మీద ఉంది. క్యాన్సర్, ఆఖరి దశ. ఆవిడ నోట నాలుగు వాక్యాలు పలికించావు. లెక్కపెట్టాను, నాలుగే. నాలుగూ క్షమాపణలే. ఐదోది పలికేలోపు కళ్ళు మూయించావు. పిల్ల ఇంటికి తిరిగొచ్చి పెంచిన తల్లి ఒళ్ళో తలపెట్టి 'నువ్వే నా అసలు అమ్మవి' అంది. అంతటితో నీ నవల అయిపోయింది, నా ఓపికా అయిపోయింది.

కథల పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్న ఏళ్ళలో దత్తత కథలు కట్టలకు కట్టలు చదివాను. ఒకదాంట్లో కన్నతల్లి పురిట్లోనే పోతుంది. ఇంకోదాంట్లో బస్సు ప్రమాదం. మరోదాంట్లో ఉత్తరం రాసిపెట్టి నూతిలో దూకుతుంది. కొందరు రచయితలు మరీ మర్యాదస్తులు, కథ మొదలవకముందే చంపేసి ఫోటోకి దండ వేసి ఉంచుతారు. ఆవిడ బతికుండటం, పొద్దున్నే పనికి వెళ్ళడం, పంటినొప్పితో చికాకుపడటం, పక్కింటివాళ్ళతో పోట్లాడి మళ్ళీ మాట కలపడం, ఇవేవీ ఆ కట్టల్లో నాకు దొరకలేదు. నవ్వే కన్నతల్లి అయితే ఒక్కతీ లేదు.

కారణం నాకు తెలుసు, నీకూ తెలుసు. ఇద్దరు తల్లులు బతికుంటే కథ ఎలా ముగించాలో మనకు చేతకాదు. పెంచిన తల్లి గెలవాలి కాబట్టి కన్నతల్లి చావాలి. ఒకరు కూతకొస్తే ఇంకొకరు ఔటవడానికి ఇదేమన్నా కబడ్డీనా?

నీ నవలలో ఒక పేజీ మాత్రం చాలా బాగుంది. 41వ పేజీ. డాక్టరు దగ్గర ఆ పిల్లకో ఫారం ఇస్తారు. మీ కుటుంబంలో ఎవరికైనా మధుమేహం ఉందా, గుండెజబ్బు ఉందా, రక్తపోటు ఉందా? పిల్ల పెన్ను పట్టుకుని కాసేపు కూర్చుంటుంది. తర్వాత 'అమ్మకు షుగర్' అని రాస్తుంది. పెంచిన అమ్మ షుగరు. వైద్యానికి ఎందుకూ పనికిరాని సమాచారం. అమ్మ పక్కనే ఉండి చూస్తుంది, దిద్దదు. నేను ఆ పేజీ దగ్గర పుస్తకం పక్కనపెట్టి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ పేజీ రాసిన చెయ్యే 114వ పేజీ కూడా రాసిందంటే నమ్మబుద్ధి కాలేదు, అందుకే ఇంత పెద్ద ఉత్తరం. లేకపోతే రెండు వాక్యాల్లో దీవించి తిప్పి పంపేదాన్ని.

నాకెందుకింత ఉక్రోషమో చెప్పాలి.

మా అన్నయ్య మా ఇంట్లో పుట్టి మా పెద్దమ్మ ఇంట్లో పెరిగాడు. పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క, ఆవిడకు పిల్లలు కలగలేదు. వాడికి పదకొండో నెలలో దత్తు ఇచ్చారు. ఆ తర్వాత నాలుగేళ్ళకు నేను పుట్టాను. పెద్దమ్మ కొడుకు మన వరసల్లో ఎలాగూ అన్నయ్యే కాబట్టి నాకేమీ తేడా తెలియలేదు. వాడు మా అమ్మను 'పిన్నీ' అనేవాడు. పిన్ని అంటే చిన్నమ్మే కదా. ఈ భాష ఎంత గడుసుదో చూడు, అబద్ధం ఆడకుండానే నిజాన్ని కొంగులో కట్టేసుకుంది.

ఇంట్లో అది రహస్యమేమీ కాదు. వాడికీ తెలుసు, పెద్దమ్మ చిన్నప్పుడే చెప్పేసిందట. ఎవరూ పని పెట్టుకుని మాట్లాడేవారు కాదు, అంతే. మా అమ్మ మాత్రం వాడికి చొక్కా కుట్టిస్తే ఎప్పుడూ కొలతలు అడిగేది కాదు. ఏడాదికి రెండుసార్లు చూసే పిల్లాడి భుజం ఎంత పెరిగిందో ఆవిడకెలా తెలిసేదో నాకిప్పటికీ అర్థం కాదు. చొక్కా సరిపోయేది.

నాకు పదేళ్ళప్పుడు సెలవులకు వాళ్ళు మా ఇంటికొచ్చారు. అన్నయ్యకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. రాత్రంతా అక్కచెల్లెళ్ళిద్దరూ మంచానికి చెరోవైపు కూర్చున్నారు. నేను గోడవారగా పడుకుని నిద్ర నటిస్తున్నాను. కలవరింతలో వాడు 'అమ్మా' అన్నాడు. ఇద్దరూ లేచారు. మా అమ్మే దగ్గరగా ఉంది, ఆవిడ చెయ్యే ముందు అందేది. సగం లేచి, ఆగి, కూర్చుంది. అందుకే లేచినట్టుగా చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. పెద్దమ్మ వంగి వాడి నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. రెండుసార్లు మార్చాక నీళ్ళగిన్నె మా అమ్మ వైపు తోసి, 'ఇక నువ్వు వెయ్యవే, నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి' అంది. అవి వేసవి సెలవులు. వేళ్ళు కొంకర్లు పోయేంత చలి ఎక్కడుంది?

ఆ సగం లేవడం గురించి రాయడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. ఎనిమిదిసార్లు తిరగరాశాను. పెళ్ళై, ఇద్దరు పిల్లలు పుట్టి, వాళ్ళు నిద్రపోయాక వంటగదిలో దీపం పెట్టుకుని రాశాను. ఒక పత్రికకు పంపితే నాలుగు నెలలకు 'ప్రచురణకు స్వీకరించాం, స్వల్ప మార్పులతో' అని కార్డొచ్చింది. ఎగిరి గంతేశాను. ఆ స్వల్ప మార్పు ఏమిటో అచ్చులో చూశాక తెలిసింది. సంపాదకుడిగారు కన్నతల్లిని చంపేశారు. చివర్లో రెండు పేరాలు స్వయంగా చేర్చారు, కొడుకు చితి దగ్గర 'అమ్మా' అని మొదటిసారి పిలుస్తాడు. నన్నొక్క మాట అడగలేదు. ఆ తర్వాత నెల ఆయనే మురిసిపోతూ ఉత్తరం రాశారు, పాఠకులు కంటతడి పెట్టుకున్నారని. పెట్టుకోరా మరి, ఉల్లిపాయ కోసినా పెట్టుకుంటారు.

మా అమ్మ ఆ కథ మొత్తం చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, 'నన్ను చంపేశావేమే?' అంది. నేను కాదమ్మా, సంపాదకుడు అన్నాను. 'ఆయనకు నేనేం చేశాను?' అంది.

అన్నయ్య కూడా చదివినట్టున్నాడు. ఆ వారంలోనే పని ఏమీ లేకుండా వచ్చాడు. కథ ఊసెత్తలేదు. చీకటి పడేదాకా అమ్మ పక్కన కూర్చుని, కరెంటు బిల్లుల గురించి మాట్లాడి వెళ్ళాడు.

ఇప్పుడు నువ్వు అనుకుంటావు, ఇది మీ ఇంటి సంగతి, లోకమంతా ఇలా ఉంటుందా అని. లోకంలో అయితే మరీ ఘోరం. మనం కథల్లో చేసిన పనిని కొన్ని దేశాలు కాగితాల మీద చేశాయి. దక్షిణ కొరియా సంగతి చూడు. యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో అక్కణ్ణుంచి లక్షకు పైగా పిల్లలు పరాయి దేశాలకు దత్తత వెళ్ళారు. వాళ్ళలో ఎందరినో తల్లిదండ్రులు బతికుండగానే అనాథలని రికార్డుల్లో రాసి పంపారు, అలా రాస్తే పని త్వరగా అవుతుంది కాబట్టి. ఆ దేశపు సత్యశోధన కమిషనే 2025 మార్చిలో ఈ మాట తేల్చి చెప్పింది. నడివయసు దాటాక కొందరు వెతుక్కుంటూ వెళ్ళి చూస్తే కాగితం మీద లేని అమ్మ తలుపు తీసింది. ఆవిణ్ణి చంపింది ఒక గుమాస్తా కలం. నీ కలమూ అదే పని చేసింది, కాకపోతే నీది కన్నీళ్ళతో చేసింది.

ఇంకో సంగతి. పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఉంది. 1970లలో వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండాపోయిన సైనికుల కుటుంబాలను చూసి, ఆ బాధకో పేరు పెట్టింది. తెలుగులో నేను దాన్ని తేలని దుఃఖం అంటాను. మనిషి పోయాడంటే ఏడ్చి, కర్మ చేసి, మెల్లగా లేచి నడుస్తాం. ఉన్నాడో లేడో తెలియనప్పుడు ఏడవడానికి తేదీ ఉండదు. దత్తత వచ్చిన పిల్లల మనసును అర్థం చేసుకోవడానికి కూడా ఆ ఆలోచనను చాలామంది వాడారు. నీ పిల్లకు ఉన్నది అదే. 110 పేజీలు దాన్ని నిజాయితీగా మోసింది, బస్సులో ఎక్కిన ప్రతి ఆడమనిషి ముక్కు చూసింది, చెవులు చూసింది. తేలకుండా ఉండటమే ఆ పిల్ల కథ. నువ్వు ఒక శవాన్ని తెచ్చి తేల్చేశావు. అది పిల్లకు చేసిన మేలు కాదు, నీకు నువ్వు చేసుకున్న మేలు.

'కన్నది' అనే మాట గురించి ఎప్పుడైనా ఆలోచించావా? తెలుగులో కనడం అంటే పిల్లను కనడం, కనడం అంటే చూడటం కూడా. ఆస్ట్రేలియాలో గత శతాబ్దం మధ్యలో పెళ్ళికాని తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని బలవంతంగా దత్తత ఇచ్చేవారు. చాలా ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తల్లికి బిడ్డ కనపడకుండా దుప్పటో దిండో అడ్డం పెట్టేవారట, చూస్తే వదలదని. కన్నారు, కననివ్వలేదు. ఇంకే భాషలోనూ ఈ వాక్యం ఇలా కుదరదేమో. ఆ తల్లులు చావలేదమ్మా. ముసలివాళ్ళయ్యారు, సంఘాలు పెట్టుకున్నారు, కమిటీల ముందు సాక్ష్యాలు చెప్పారు. 2013 మార్చి 21న అక్కడి ప్రధాని జూలియా గిల్లార్డ్ పార్లమెంటు భవనంలో వాళ్ళకు దేశం తరఫున క్షమాపణ చెప్పింది. జాగ్రత్తగా చూడు, క్షమాపణ చెప్పించుకున్నది తల్లులు. నీ నవలలో నాలుగుసార్లూ చెప్పింది తల్లే.

పాతవాళ్ళు మనకంటే నయం. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుడికి పుట్టుక రహస్యం చెప్పి రాజ్యం ఇస్తానంటే, కర్ణుడు ఏమన్నాడో సంస్కృత భారతంలో చూడు. నా మీది ప్రేమతో, పెంచిన తల్లి రాధకు అప్పటికప్పుడు పాలు చేపుకొచ్చాయి, నా మలమూత్రాలు ఆవిడ ఎత్తింది, ఆవిణ్ణి ఎలా కాదంటాను అన్నాడు. మాతృత్వం గురించి నీ నవలలో పన్నెండు పేజీల ఉపన్యాసం ఉంది, చిన్నాన్నగారి నోట. వాటన్నిటికీ ఆ మలమూత్రాల మాట ఒక్కటి చాలు. సరే, అసలు విషయం అది కాదు. ఆ తర్వాత గంగ ఒడ్డుకు కుంతి నడిచొస్తుంది. ఎండలో నిలబడి కొడుకు జపం ముగిసేదాకా కాచుకుంటుంది. బతికున్న తల్లి! కర్ణుడు ఆవిణ్ణి నిందిస్తాడు, రానంటాడు, అయినా ఐదుగురు కొడుకులు మిగులుతారని మాటిస్తాడు. ఆవిడ ఆ మాట మోసుకుని వెనక్కి నడుస్తుంది. ఆ నడక రాయగలవా? ఒకవేళ ఆ రోజు కుంతి గుండె ఆగి అక్కడే పడిపోయి ఉంటే కర్ణుడి కథ ఎంత పలచన అయ్యేదో ఊహించు.

గ్రీకుల ఈడిపస్ కథ అందరికీ తెలుసు, అది దత్తత కథ అని మాత్రం ఎవరికీ తట్టదు. కొరింథులో ఒక తాగుబోతు 'నువ్వు నీ తండ్రికి పుట్టలేదు' అంటాడు. అక్కడ మొదలవుతుంది అంతా. తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడతావన్న జోస్యం విని, తల్లిదండ్రులనుకున్నవాళ్ళకు తన వల్ల కీడు జరగకూడదని ఊరొదిలి పోతాడు, తెలియక కన్నవాళ్ళ దారిలోనే పడతాడు. పెంచినవాళ్ళ మీది ప్రేమే అతన్ని ముంచింది. పెంచిన తల్లి పేరు మెరోపీ. ఎంతమందికి గుర్తుంది ఆ పేరు? ఆవిడ దగ్గరికి ఎవరైనా వెళ్ళి, నీ కొడుకు కళ్ళు పొడుచుకున్నాడమ్మా అని చెప్పారా? ఓపికుంటే ఎప్పుడైనా అది రాద్దామనుకున్నాను. ఓపిక లేదు, కావాలంటే నువ్వు తీసుకో.

నీ నవలకు వస్తాను. నీ లెక్క ప్రకారం పిల్లకు పదహారు. పుట్టినప్పుడు కన్నతల్లికి పద్దెనిమిది. అంటే ఇంకో రెండేళ్ళలో ఈ పిల్ల, తనను వదిలి వెళ్ళినప్పటి తన తల్లి వయసును అందుకుంటుంది. నీ చేతిలో ఇంత వజ్రం ఉంటే దాన్ని గులకరాయనుకుని ఒక వాక్యంలో చెప్పి వదిలేశావు. పెద్దల నవలలో కన్నతల్లి ఎవరో ఒక స్త్రీ. కౌమారంలో ఉన్నవాళ్ళ కోసం రాసే నవలలో ఆవిడ చదివే పిల్లకు ఈడుది. తరగతిలో పక్క బెంచీలో కూర్చోదగ్గ పిల్ల. పదహారేళ్ళ పాఠకురాలు 'అమ్మ నన్నెలా వదిలేసింది' అని అడుగుతూ, పేజీ తిప్పగానే 'నేనైతే ఏం చేసేదాన్ని' అని తడబడాలి. ఈ తడబాటు ఈ రకం నవలకే దొరుకుతుంది. అందుకోసమైనా ఆవిడ బతకాలి, పద్దెనిమిదేళ్ళ మనిషిగా ఒకసారి, ముప్ఫై నాలుగేళ్ళ మనిషిగా ఒకసారి. ముప్ఫై నాలుగేళ్ళు! ఆవిడ ఇంకా చిన్నదే. నువ్వు నెరిసిన జుట్టు పెట్టావు.

నీకో అధ్యాయం చెబుతాను, రాస్తే రాయి. మన బాలల న్యాయ చట్టం, 2015 నాటిది, బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువిస్తుంది. ఆ గడువు దాటాకే దత్తతకు దారి తెరుచుకుంటుంది. 60 రోజులు. నీ నవలలో ఆవిడ బిడ్డను ఇచ్చేసింది, వాన కురిసింది, తలుపు మూసుకుంది, అంతే. ఆ 60 రోజులు ఆవిడ ఎక్కడుంది? పాలు ఎప్పుడు ఇంకాయి? ఎవరితో ఏమని చెప్పి పనికి వెళ్ళింది? 59వ రోజు పొద్దున ఏ బస్టాపులో నిలబడి ఏ బస్సు ఎక్కలేదు? నాకు ఆ రోజు కావాలి. వాన లేకుండా.

చట్టం ఎత్తాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. నీ పిల్ల పదహారేళ్ళకే ఒంటరిగా ఆఫీసుకు వెళ్తే, జాలిపడిన గుమాస్తా ఫైలు తీసి కన్నతల్లి చిరునామా చేతిలో పెడతాడు. అలా జరగదు. మన దత్తత నిబంధనల ప్రకారం పద్దెనిమిది నిండినవాళ్ళు తమ మూలాలు తెలుసుకోవడానికి సొంతంగా అడగొచ్చు, నిండనివాళ్ళు పెంచిన తల్లిదండ్రులతో కలిసి అడగాలి. మూడో మనిషి అడగటానికి వీల్లేదు. తన వివరాలు చెప్పొద్దని కన్నతల్లి ముందే కోరి ఉంటే ఆవిడ సమ్మతి తీసుకోవాలి. ఇది నీకు అడ్డంకి అనుకుంటున్నావా? నీ నవలలో లేని గొప్ప సీను ఇందులోనే ఉంది. పిల్ల ఆ దరఖాస్తు పట్టుకొచ్చి పెంచిన అమ్మను సంతకం పెట్టమనాలి. ఆవిడ పెన్ను కోసం ఎంతసేపు వెతుకుతుందో రాయి. ఇంగ్లండులో అయితే 1975 చట్టం వచ్చాక పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకు అసలు జనన పత్రం పొందే హక్కు వచ్చింది, స్కాట్లండులో 1930 నుంచే ఉంది. ఒక కాగితంలో కన్నతల్లి పేరు. ఆ పేరును మొదటిసారి తమ నోటితో పలికి చూసుకునే మనిషి గురించి కూడా ఆలోచించు.

ఇక మాటలు. 'అసలు తల్లి' అని 31 చోట్ల రాశావు. పెన్సిలుతో గీత గీశాను. ఆవిడ అసలుదైతే రాత్రి రెండింటికి లేచి వాంతి తుడిచింది నకిలీదా? చివర్లో తిప్పేసి పెంచిన తల్లిని 'అసలు అమ్మ' చేశావు, అంటే ఇప్పుడు పద్దెనిమిదేళ్ళకు నొప్పులు పడినది నకిలీ అయింది. అసలు ఆ 'అసలు' తీసెయ్. 'పెంపుడు' కూడా ఆలోచించి వాడు. పెంపుడు కుక్కకూ పెంపుడు కూతురికీ మనకు ఒకటే మాట. నీ పిల్ల గడుసుది, ఆ జోకు తనే వేసుకోగలదు, వెయ్యనీ. దత్తత అనే మాట పరిస్థితీ అంతే. ఈమధ్య ఊళ్ళు దత్తత, చెట్లు దత్తత, పార్కులు దత్తత. ఫోటో దిగి వెళ్ళిపోయేదాన్ని దత్తత అనడం చూసి ఒక పదహారేళ్ళ పిల్లకు ఏమనిపిస్తుందో, అది రాస్తే నవ్వూ వస్తుంది.

పెంచిన తల్లి నోట 'మనింటికీ మిగతా ఇళ్ళకూ తేడా ఏముంది' అని పదే పదే అనిపించావు, అది గొప్పతనం అన్నట్టు. డేవిడ్ కర్క్ అని ఒక సమాజశాస్త్రవేత్త, తనూ దత్తత తీసుకున్న తండ్రే, 1964లోనే దీని మీద పుస్తకం రాశాడు. తేడా లేదని పట్టుబట్టే ఇళ్ళకంటే, తేడా ఉందని ఒప్పుకున్న ఇళ్ళలోనే పిల్లలు మనసు విప్పి మాట్లాడగలుగుతారని ఆయన వాదన. మా పెద్దమ్మకు ఏ పుస్తకమూ తెలియదు. గిన్నె ఇటు తోసింది.

నీ పిల్లకు కృతజ్ఞత ఎక్కువ. పేజీకోసారి 'మీరు లేకపోతే నేనేమయ్యేదాన్నో' అంటుంది. ఏ పదహారేళ్ళ పిల్ల తల్లితో అలా మాట్లాడుతుంది? కన్నవాళ్ళ దగ్గర పెరిగిన పిల్ల తలుపు ధడాలున వేస్తే వయసు అంటాం, దత్తత వచ్చిన పిల్ల వేస్తే విశ్వాసం లేదంటాం. ఆ పిల్లకు తలుపు ధడాలున వేసే హక్కు ఇవ్వు. ఫోను కోసం, జడ కోసం, పరీక్ష మార్కుల కోసం పోట్లాడనివ్వు, దత్తత గుర్తుకే రాకుండా. ఈ పుస్తకం ఏదో ఒక తరగతి గదిలో అలాంటి పిల్ల చేతిలో పడుతుంది. పక్కన నలుగురూ చూస్తుండగా చదువుతుంది. 'ఎంత అదృష్టం చేసుకున్నావే' అని చుట్టాలు అప్పటికే వెయ్యిసార్లు అని ఉంటారు. వెయ్యిన్నొకటో చుట్టానివి నువ్వవకు.

సందేశం అంటావా, అది ఇప్పటి జబ్బు. నా రోజుల్లో సంపాదకులు చంపమనేవారు, ఈ రోజుల్లో బోధించమంటున్నారు. పిల్లల పుస్తకమైతే చాలు, చివర నీతి ఉందా, సమస్య పేరు అట్ట మీద ఉందా, బడివాళ్ళు కొంటారా, ఇదే గోల. ఈమధ్య ఒకాయన నాకు ఫోను చేసి 'దత్తత సమస్య మీద ఒకటి రాసిపెట్టండి, ఏడు వేల పదాల్లో, సానుకూలంగా' అన్నాడు. మా అన్నయ్య సమస్య కాదు బాబూ అని పెట్టేశాను. చిన్నాన్నగారి ఉపన్యాసం నీ సొంత బుద్ధి కాదని నా అనుమానం, ఎవరో చెప్పి పెట్టించారు. పన్నెండు పేజీలూ తీసెయ్. ఆయన్ని కూడా తీసెయ్, ఎవరూ వెతకరు.

నువ్వడిగిన ప్రశ్నలు ఆరున్నాయి. 'నేను' అని రాయాలా 'ఆమె' అని రాయాలా అన్నావు, 41వ పేజీ ఎలా రాశావో అలాగే. దత్తత నీ సొంత అనుభవం కాకపోయినా రాయవచ్చా అన్నావు. రాయవచ్చు, కానీ అచ్చుకు ముందు అలా పెరిగిన ఇద్దరు ముగ్గురి చేత చదివించు, వాళ్ళు ముఖం చిట్లించిన చోట వాదించకు. నేను ఆ కథ అన్నయ్యకు చూపించకుండా పత్రికకు పంపాను. సంపాదకుణ్ణి ఇన్నేళ్ళు తిట్టాను గానీ, వాడి జ్వరాన్ని వాణ్ణి అడగకుండా అమ్ముకున్నది నేనే. 50 రూపాయలొచ్చాయి. మిగతా ప్రశ్నలు ప్రచురణకర్తల గురించీ, అవార్డుల గురించీ. వాటికి జవాబు రాయడానికి నాకు ఇవాళ మనసు లేదు.

పద్నాలుగో అధ్యాయం నుంచి మళ్ళీ రాయి. ఆసుపత్రి వద్దు. పిల్ల తలుపు కొడుతుంది, ఆవిడ తీస్తుంది. చేతికి పిండో సబ్బో ఏదో అంటుకుని ఉంటుంది. లోపల ఇంకో పిల్లాడు లెక్కలు చేసుకుంటూ ఉండొచ్చు. ఆవిడ ఏడవకపోవచ్చు. భయపడొచ్చు, 'ఇప్పుడు కాదు, మా ఆయన వచ్చే టైము' అనొచ్చు. ఆ మాట విని పిల్ల మెట్లు దిగాలి. దిగి ఇంటికి వెళ్ళాక, ఒళ్ళో తలపెట్టడం గట్రా వద్దు, అమ్మ 'తిన్నావా' అని అడిగితే చాలు. ఆపైన ఏమవుతుందో నాకూ తెలియదు.

మా అమ్మకు ఇప్పుడు తొంభై దగ్గరపడింది. పక్క గదిలోనే ఉంటుంది. వినికిడి తగ్గింది. అన్నయ్య ఆదివారం ఆదివారం ఫోను చేస్తాడు, స్పీకరు పెట్టి పట్టుకోవాలి. 'పిన్నీ' అని అరుస్తాడు. ఆవిడకు ఒక్కోసారి వినపడదు, అయినా 'ఆఁ, చెప్పరా' అంటుంది.

రాతప్రతి వేరే కవరులో తిప్పి పంపుతున్నాను. పెన్సిలు గీతలు చూసి జడుసుకోకు.

ఇట్లు,
నీ పెద్దమ్మ లాంటిది

తా.క. నీ కట్టలో 112 తర్వాత 114 ఉంది. 112 అడుగున పిల్ల గది తలుపు తోసింది, 114 మొదట్లో ఆవిడ క్షమాపణలు మొదలయ్యాయి. మధ్య పేజీ నాకు రాలేదు. అందులో ఆవిడ ఇంకేమైనా మాట్లాడి ఉంటే, అది పంపు.